పెరటి తోట – పనికివచ్చిన వస్తువులు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బై అయిదు సంవత్సరాల ఉత్సవంలో నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గంవారు కోరినప్పుడు, ఏ విషయంపై మాట్లాడమంటారని అడిగాను. "మీ ఇష్టమండీ, పిల్లలకు పనికివస్తే చాలు" అన్నారు. భాషను గురించి, విద్యను గురించి సాధికారంగా చెప్పగల విద్వాంసులు ఈ వేదికమీదనే ఉన్నారు. వారి ఎదుట నేను ఆ జోలికి పోవటం సాహసం. నాకు కొద్దో గొప్పో తెలిసినది మా ఇంటి పెరడు. ఆ పెరటిలో నాకు మొదటి గురువు ఈ పాఠశాలయే కనుక, ఇక్కడ దానిని గురించి చెప్పుకోవటం అసందర్భం కాదనుకొంటున్నాను.

మేము చదివే రోజులలో శుక్రవారం ఆఖరి పీరియడు తోటపని. చేతిపని ద్వారా చదువు చెప్పాలని గాంధీ మహాత్ముడు 1937లో వార్ధాలో ప్రతిపాదించిన సంగతి పెద్దలకు తెలిసినదే. 1950లో కె. ఎం. మున్షీ కేంద్ర మంత్రిగా ఉండి వనమహోత్సవం ప్రారంభించిన తరువాత పాఠశాలలలో మొక్కలు నాటటం ఒక ఆనవాయితీ అయింది. చాలాచోట్ల అది జూలై నెలలో ఒక్కరోజు పండుగ. నాటిన మొక్కకు మరునాడు నీళ్ళు పోసేవారు ఉండరు. మా తోటపని మాస్టారి పద్ధతి వేరు. ఆయన మొదటిరోజే ఒక నియమం పెట్టారు: తోటకోసం డబ్బు పెట్టి కొన్న వస్తువు ఒక్కటి కూడా లోపలికి రాకూడదు. ఇంట్లో పారవేసేది, విరిగినది, చిల్లుపడినది ఏదైనా తేవచ్చు. అది దేనికి పనికివస్తుందో తెచ్చినవాడే చెప్పాలి.

ఆ నియమం మా ఇళ్ళలో ఎంత గందరగోళం సృష్టించినదో చెప్పలేను. పిల్లలందరం చెత్తకుప్పలను పరీక్షగా చూడటం మొదలుపెట్టాము. చిల్లుపడిన బిందె, కాడ విరిగిన గరిటె, చక్రంలేని బొమ్మబండి, నవారు ఊడిన మంచపు కోడు, అన్నీ బడికి చేరాయి. ఒకడు వాళ్ళ అవ్వ ఇంకా వాడుకొంటున్న అట్లకాడను కూడా తెచ్చి, సాయంత్రానికి దెబ్బలు తిని తిరిగి పట్టుకుపోయాడు. పాత డబ్బా అడుగున మేకుతో సన్నని చిల్లులు పొడిస్తే నారుమళ్ళకు నీళ్ళు చిలకరించే పాత్ర అయింది. విరిగిన గరిటె కలుపు తీసే తొలిక అయింది. కొబ్బరి చిప్ప అడుగున ఒక కన్ను పొడిచి, మట్టి నింపి విత్తనం పెడితే, నాటేటప్పుడు చిప్పను పగులగొట్టి వేరు కదలకుండా మొక్కను దింపవచ్చు. ఇవన్నీ ఎవరో పుస్తకంలో చూసి చెప్పినవి కావు. "దీన్ని ఏం చేద్దామురా?" అని మాస్టారు అడగటం, మేము తలా ఒకటి చెప్పటం, అందులో తొమ్మిది పనికిరాక పోవటం, పదవది నిలబడటం. అంతే.

ఆ తోటలో నాకు ఎక్కువగా గుర్తున్నవి పలక ముక్కలు. అప్పటి పలకలు రాతివి. చేయిజారితే ముక్కలు. ఇంట్లో తిట్లు తప్పవు. ఆ ముక్కలను మాస్టారు తెమ్మన్నారు. ఒక్కొక్క మడి ముందు ఒక్కొక్క ముక్కను గుచ్చి, బలపంతో మొక్క పేరు వ్రాయించేవారు. వంగ, బెండ, బీర, సొర, పొట్ల, దొండ, గోంగూర, చుక్కకూర. వాన పడితే అక్షరాలు చెరిగిపోయేవి. మళ్ళీ వ్రాయాలి. వాన లేని రోజులలో మేము పోసిన నీళ్ళకే చెరిగేవి, మళ్ళీ వ్రాయాలి. 'చిక్కుడు'లో కకారానికి కావత్తు, 'గుమ్మడి'లో మకారానికి మావత్తు నాకు ఆ విధంగానే పట్టుబడ్డాయి. వంటింట్లో వినటమే తప్ప వ్రాసి ఎరుగని మాటలు అవి. ఈ పలక ముక్కల సంగతి చివరలో మళ్ళీ చెబుతాను.

మన ఆలంగాయం జవ్వాది కొండల పాదాన ఉన్నది. నైరుతి వానలు కొన్ని, ఈశాన్య వానలు కొన్ని మనకు అందుతాయి. అవి దండిగా కురిసిన సంవత్సరాలు ఉన్నాయి, మొగము చాటువేసిన సంవత్సరాలు అంతకంటె ఎక్కువ ఉన్నాయి. పాలారు మనకు నది అన్న పేరే కాని ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక మేటయే. 2021 నవంబరులో అది రెండు గట్లూ ఒరుసుకొని పారినప్పుడు పెద్దవాళ్ళుకూడా బస్సులు దిగి వంతెనలమీద నిలబడి చూశారు. అటువంటి సీమలో ఎండాకాలం పెరటి మొక్కను బ్రతికించటం ఎట్లా అన్నదే మొదటి ప్రశ్న. దానికి నాకు దొరికిన అన్నిటికంటె మంచి సమాధానం మట్టికుండ.

కుమ్మరి చేసిన మామూలు కుండ కావాలి. రంగు వేసినది, మెరుగు పెట్టినది పనికిరాదు. నీళ్ళు నింపి రాత్రంతా ఉంచితే తెల్లవారేసరికి పైన చెమ్మ పట్టాలి, అదే పరీక్ష. చెమ్మ ఎక్కువై ఎవరూ కొనక మూలపడిన కుండ అయితే మరీ శ్రేష్ఠం. ఆ కుండను మెడవరకు నేలలో పాతి, నిండా నీళ్ళు పోసి, మూతిమీద కొబ్బరి చిప్పగాని పగిలిన మూకుడుగాని బోర్లించాలి. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. కుండ చుట్టూ జానెడు దూరంలో నాలుగు వంగ మొక్కలు నాటాలి. మట్టి ఎండినకొద్దీ కుండ గోడలలోనుంచి నీటిని లాగుకొంటుంది. మట్టి తడిగా ఉన్నంతసేపు ఆ లాగుడు తగ్గిపోతుంది. మనము కొలత చూడనక్కరలేదు, మొక్కలే కొలుచుకొంటాయి. పైన నేల పొడిగానే ఉంటుంది కనుక కలుపు తక్కువ. ఎండాకాలంలో కూడా మూడు నాలుగు రోజులకు ఒకసారి కుండ నింపితే సరిపోతుంది. పంట అయిన తరువాత తవ్వి చూస్తే వేళ్ళు కుండను వల అల్లినట్లు చుట్టుకొని ఉంటాయి.

ఇది కొత్త విద్య కాదు. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దంలో చైనాలో ఫాన్ షెంగ్‌జీ అనే వ్యవసాయ శాస్త్రజ్ఞుని గ్రంథంలో కుండను పాతి, చుట్టూ గింజలు విత్తే పద్ధతి వర్ణింపబడింది. రెండువేల ఏళ్ళ తరువాత మనము దానిని మళ్ళీ కనుగొని సంతోషపడుతున్నాము. ఒక చిక్కు మాత్రం ఉన్నది. మన బావుల నీటిలో ఉప్పు ఎక్కువ. కొంత కాలానికి కుండ గోడలలోని సూక్ష్మ రంధ్రాలు పూడిపోయి, పైన తెల్లని పొక్కు కడుతుంది. కొబ్బరి పీచుతో రుద్ది, వాననీటిలో నానవేస్తే కొంత ఆయుష్షు పెరుగుతుంది. ఆ తరువాత కుండను పగులగొట్టి, ఆ పెంకులను తొట్లలో అడుగున నీరు పోయే చిల్లులమీద పరచుకోవటమే. మా ఇంట్లో కుండకు ఇన్ని జన్మలు.

తీగజాతులకు పందిరి కావాలి. మా ఇంటిమీద వెనుకటి టెలివిజన్ యాంటెన్నా ఒకటి ఉండేది. దూరదర్శన్ బొమ్మ సరిగా రాక, ఒకడు పైన కర్ర తిప్పటం, ఒకడు క్రింద నిలబడి "వచ్చింది, పోయింది" అని అరవటం నా వయసువాళ్ళకు బాగా గుర్తు. కేబులు వచ్చిన తరువాత అది పిట్టలకు మాత్రమే ఉపయోగపడింది. ఒకనాడు దానిని దింపి పెరటిలో పాతాను. చిక్కుడు తీగ నెలరోజులలో పుల్లపుల్లకూ ప్రాకిపోయింది. చిక్కుడుకు ఏ దిక్కుకు తిప్పినా ఒకటే, ఫిర్యాదు లేదు. సైకిలు చక్రపు రిమ్ము ఒకటి నిలువు కర్రమీద గొడుగులాగ పడుకోబెట్టి, దాని రంధ్రాలనుంచి నేలదాకా పురికొసలు దించితే పొట్ల పాదుకు పందిరి అయింది. పొట్లకాయ వంకరపోకుండా చివర చిన్న రాయి కట్టే సంగతి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళకు తెలుసు. మా మనుమరాలు రాయికి బదులు తన పాత చెవిలోలకు కట్టింది. కాయ తిన్నగానే పెరిగింది. అందం అదనం.

చేతికందిన దానితో పని జరుపుకోవటం లేనివారి ఉపాయం అని కొందరికి చిన్నచూపు ఉన్నది. అటువంటివారిని నేను మన ఊరినుంచి కొండదారి పట్టించి కావలూరు పంపుతాను. అక్కడి వేధశాల మొదలైనది 1968లో, 38 సెంటీమీటర్ల దూరదర్శినితో. దానిని విదేశంనుంచి తెప్పించలేదు. కొడైకెనాల్ వేధశాలవారి కర్మశాలలోనే తయారు చేసుకొన్నారు. తరువాత 2.34 మీటర్ల పెద్ద దూరదర్శినికి అద్దాన్ని అరగదీసి నునుపు చేసినది కూడ మనవారే. 1986 జనవరిలో ప్రధాని రాజీవ్ గాంధీ దానిని ప్రారంభించారు. ఆ కృషికి మూలపురుషుడైన వేణు బప్పు చిన్నతనంలో హైదరాబాదులో, తండ్రిగారు పనిచేసిన నిజామియా వేధశాల నీడలో పెరిగి, నిజాం కళాశాలలో చదువుకొన్నారు. 1982లోనే కన్నుమూయటంవలన ఆ పెద్ద దూరదర్శిని పూర్తికావటం ఆయన చూడలేదు. నా చిల్లుల డబ్బాకూ ఆ అద్దానికీ పోలిక తెస్తున్నానని నవ్వకండి. "దొరకదు" అన్నచోట ఆగిపోకుండా "చేసుకొందాము" అనుకోవటం రెండింటికీ సమానమే.

అయితే దొరికినదల్లా వాడవచ్చునా అంటే, కూడదు. ఈ విషయంలో నేను చేసిన తప్పులు రెండు చెప్పాలి. ఒకటి, రంగు డబ్బాలు. మొదట్లో ఖాళీ డబ్బాలు తెచ్చి, పైపైన కడిగి, టమాటా నాటాను. అడుగున ఎండి అంటుకొన్న రంగు నానిన తరువాత మొక్కలు పసుపుబారి వాడిపోయాయి. వాడిపోవటమే మేలైనది. కాచి ఉంటే తినేవాళ్ళము. ఆనాటినుంచి తినే పదార్థం దేనిలో వచ్చినదో ఆ డబ్బాలోనే తినే మొక్క పెడుతున్నాను. రంగు డబ్బాలలో బంతి, చేమంతి.

రెండవది ఇంకా పెద్ద తప్పు. మన ప్రాంతంలో తోళ్ళ పరిశ్రమ అందరికీ అన్నం పెట్టినది, కాదనను. ఒక తోళ్ళ కర్మాగారం దగ్గర గుట్టగా పడి ఉన్న తోలు చెక్కుడు పొట్టును చూచి, జంతు సంబంధమైన వస్తువు కదా, మంచి ఎరువు అనుకొని ఒక సంచి తెచ్చి రెండు మడులకు వేశాను. ఊరికే ఇస్తున్నారన్న సంబరంలో ఎందుకు ఊరికే ఇస్తున్నారని ఆలోచించలేదు. తోలును క్రోమియం లవణాలతో పదును చేస్తారనీ, అది ఆ పొట్టులో ఉండిపోతుందనీ రసాయన శాస్త్రం చదివిన మా అల్లుడు వచ్చి చెప్పినదాకా నాకు తెలియదు. ఆ రెండు మడుల మట్టిని మూరెడు లోతు తీసివేయవలసి వచ్చింది. పాలారు ఒడ్డున తోళ్ళ కర్మాగారాల వ్యర్థజలం గురించి వేలూరు పౌర సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పింది. చెరిపినవాడే బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రానికి దేశంలో న్యాయవాదులంతా ఈనాటికీ చూపించే తీర్పు అది. అంత పెద్ద తీర్పు మన జిల్లా పేరుతో ఉండగా, నేను నా సొంత చేతులతో ఆ పదార్థాన్ని మోసుకొచ్చి పెరటిలో పోసుకొన్నాను. వస్తువు పాతదైతే చాలదు, దాని పూర్వ చరిత్ర తెలియాలి. మాస్టారు "ఇది దేనికి పనికివస్తుంది?" అని అడిగేవారని చెప్పాను కదా. "ఇంతకుముందు దేనికి పనికివచ్చింది?" అన్న ప్రశ్న నేను ఆలస్యంగా నేర్చుకొన్నాను.

ఇక సంతోషాల సంగతి. కాయ కోయటం, కూర వండటం ఎలాగూ ఉన్నవే. నాకు మాత్రం బీర పూవు విచ్చుకొనే సమయం చాలా ఇష్టం. గుమ్మడి పూవు తెల్లవారుజామున విచ్చుకొంటుంది. బీర అట్లాకాదు, సాయంకాలం, దీపాలు పెట్టే వేళకు విచ్చుకొంటుంది. సొర, పొట్ల కూడ ప్రొద్దు వాలిన తరువాతనే. ఆ వేళకు వచ్చే రెక్కల పురుగులు ఈమధ్య తక్కువైనాయి. పూవులు విరగబూసి, పిందెలు పసుపుబారి రాలిపోతుంటే చాలామంది మందు కొట్టాలనుకొంటారు. మందు కాదు, మగపూవు కావాలి. పిందె లేకుండా సన్నని కాడమీద ఉన్నది మగపూవు, వెనుక చిన్ని కాయ ఆకారం ఉన్నది ఆడపూవు. మగపూవును కోసి, రేకులు వెనుకకు మడిచి, ఆడపూవు నడుమ మెల్లగా తాకిస్తే చాలు. మా ఇంట్లో ఆ పని పిల్లలది. సంధ్యవేళ చదువు తప్పించుకొనేందుకు అంతకంటె గౌరవమైన సాకు వారికి దొరకదు. మూడవ నాటికి పిందె తల క్రిందికి వంచి సాగటం మొదలుపెడితే "నాది నిలిచింది, నీది రాలింది" అని కొట్లాట.

వంకాయ గురించి ఒకమాట చెప్పక వదలలేను. మన వేలూరు సీమ ముళ్ళ వంకాయకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇలవంబాడి పరిసరాలలో తరతరాలుగా పండించే రకం. తొడిమమీద, ఆకుమీద, కాడమీద ముళ్ళే. కోసేవాని చేతులు గీసుకొనిపోతాయి, నూనెలో మగ్గితే ఆ గీతలు మరచిపోతాము. మార్కెట్టుకు ముళ్ళులేనిది, మెరిసేది, దూరం పంపినా నలగనిది కావాలి. అయినా ఆ ముళ్ళది ఇన్నాళ్ళు నిలిచి ఉన్నదంటే, ఏటేటా ఒక మంచి కాయను కోయకుండా విత్తనానికి వదలిన రైతులు ఉండబట్టే. ప్రభుత్వపు ముద్ర తరువాత వచ్చినది. అట్లా వదలకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. అది చెబుతాను.

మా అమ్మ దగ్గర ఒక బీర విత్తనం ఉండేది. కాయ మూరెడుకు మించదు, ఈనెలు ఎత్తుగా ఉంటాయి, ముదిరినా చేదెక్కదు. ఆమె పుట్టింటినుంచి తెచ్చుకొన్నది. ప్రతి యేడు పాదులో మొదట కాచిన రెండు కాయలు తీగమీదనే ఎండనిచ్చి, గింజలు గలగలమన్న తరువాత కాయను కాయగానే వంటింటి వాసానికి, పొయ్యి పొగ తగిలేచోట వ్రేలాడదీసేది. ఆ పీచులోపల, ఆ పొగలో, గింజకు పురుగు పట్టదు. విత్తనం పెట్టె అంటే మా ఇంట్లో అదే.

1987లో పెంకుటిల్లు తీసి మిద్దె వేసుకొన్నాము. కొత్త ఇంట్లో గ్యాసు పొయ్యి. వాసాలు లేవు, పొగ లేదు. సామాను సర్దుతూ ఆ ఎండు బీరకాయలు నాచేతికి వచ్చాయి. స్నానానికి ఒళ్ళు రుద్దుకొనే పీచు బాగుంటుందని, చీల్చి, గింజలు దులిపి కాలువలో పోసినది నేనే. అమ్మ అప్పుడు మా అక్కయ్యగారి ఊరు వెళ్ళి ఉన్నది. తిరిగివచ్చి అడిగింది. చెప్పాను. ఆమె కోపపడలేదు. "పోనీలేరా, అంగట్లో దొరుకుతాయిలే" అన్నది. అంగట్లో దొరికినవి తెచ్చాను, రెండు మూడు రకాలు. ఆమె వండింది, మేము తిన్నాము. అది వేరు, ఇది వేరు అని ఆమె ఒక్కమాట అనలేదు. అనకపోవటమే నన్ను ఎక్కువగా బాధించింది. ఆమె పోయిన తరువాత ఆ బీర రుచికూడ నాకు సరిగా జ్ఞాపకం లేదని ఒకనాడు గ్రహించాను.

2004లో ఒక పెండ్లికి గుడియాత్తం వెళ్ళాను. పెండ్లి పెద్దలలో ఒకామె ఈ పాఠశాలలో నాకంటె రెండు తరగతులు ముందు చదివిన అక్కయ్య. భోజనాల తరువాత చేయి కడుగుకొనేందుకు వెనుక దొడ్డిలోకి వెళితే, పందిరిమీద ఆ బీర. ఈనెలు చూచి ఆగిపోయాను. నేను కాయను చేతితో పట్టుకొని నిలబడి ఉండటం చూచి ఆమె వచ్చింది. "ఏం తమ్ముడూ, అట్లా చూస్తున్నావు? మీ ఇంటిదేగా! మేము బళ్ళో చదివేటప్పుడు మీ అమ్మ మా అమ్మకు ఇచ్చినది. బదులుగా మా అమ్మ మీకు దొండకొమ్మ ఇచ్చింది. ఉన్నదా ఆ దొండ?"

ఉన్నది. దొండను గింజతో పెంచరు, కాచే తీగనుంచి ముదురు కొమ్మ విరిచి నాటుతారు. ఆ కొమ్మనుంచి వచ్చిన పాదు మిద్దె కట్టేటప్పుడు తీసినా, గోడ అవతల దానంతట అది మళ్ళీ చిగిర్చింది. మా ఇంటి బీరను వాళ్ళు పదిహేడేళ్ళు, నేను పారవేసిన తరువాత, నాకు తెలియకుండా నాకోసం కాపాడారు. వాళ్ళ దొండను మేము, ఎవరిదో మరచిపోయి, కాపాడాము. పెండ్లి తాంబూలంతోపాటు నాకు ఒక ఎండు బీరకాయ ఇచ్చారు. బస్సులో వళ్ళో పెట్టుకొని కూర్చుంటే, గుంతవచ్చినప్పుడల్లా లోపల గింజలు మోగుతూ వచ్చాయి.

ఇంక ఆ పలక ముక్కల సంగతి. 1911లో ఉత్తరార్కాటునుంచి కొన్ని తాలూకాలు తీసి చిత్తూరు జిల్లా ఏర్పరచినప్పుడు, గీత అవతల కొందరము, ఇవతల కొందరము పడ్డాము. జిల్లా పేర్లు ఆ తరువాత ఎన్నోసార్లు మారాయి. 2019నుంచి మన ఊరు తిరుపత్తూరు జిల్లాలో ఉన్నది. 2006లో వచ్చిన చట్టంతో ఒకటవ తరగతినుంచి తమిళం తప్పనిసరి పాఠం అయింది. తమిళం నేర్చుకోవటం మనకు నష్టం కాదు. నేను తమిళంలోనే లెక్కలు వ్రాసి, తమిళంలోనే బేరమాడి బ్రతికాను. పెరటిలో చూస్తే ఆ రెండు భాషలు అక్కచెల్లెండ్రని తెలుస్తుంది. మన బీర వారికి పీర్కు, మన సొర వారికి సురై, మన మునగ వారికి మురుంగై. దగ్గర చుట్టాలు కానివికూడ ఉన్నాయి: మన వంకాయ వారికి కత్తరిక్కాయ, మన చిక్కుడు వారికి అవరై, మన గోంగూర పుళిచ్చకీరై. పిల్లలకు రెండు పేర్లూ రావాలని నా కోరిక.

కాని ఈమధ్య మన పాఠశాల పిల్లలను ఇంటికి పిలిచి పెరడు చూపించినప్పుడు, వాళ్ళకు తెలుగు పేరూ రాలేదు, తమిళ పేరూ రాలేదు. "ఇది కూర", "అది కూర". ఒక బాలుడు అవిసె చెట్టును చూచి ఇంగ్లీషులో 'ట్రీ' అన్నాడు. తప్పు పిల్లవాడిది కాదు. వాడు పుస్తకంలో 'ఉద్యానవనము' అన్న మాట చదివాడు. పాదు, మడి, నారు, తీగ, పిందె, తొడిమ, ఈనె అన్న మాటలు వాడికి ఎవరూ చేతిలో పెట్టలేదు. బడిలో తెలుగు తరగతులు ఉండాలా, ఎన్ని ఉండాలి అన్నవి పెద్దలు, ప్రభుత్వాలు తేల్చే సంగతులు. పిందె అన్న మాట పిల్లవానికి చెప్పటానికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు, ఒక బీర పాదు చాలు.

మాకు పెరడు లేదు, మేము అద్దె ఇంట్లో ఉన్నాము అనే తల్లిదండ్రులు ఉన్నారు. తెలంగాణలో కథకులు తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు ఇంటి కప్పుమీద కూరగాయలు పండించి, 'మిద్దెతోట' అన్న మాటను ఇంటింటి మాటగా చేశారు. తమిళంలో మాడి తోట్టం అంటారు. దానికి అంగట్లో సంచులు, మట్టి, పనిముట్లు అన్నీ కలిపి సిద్ధంగా అమ్ముతున్నారు. కొనేవారిని నేను ఆక్షేపించను. కాని మా మాస్టారు ఉంటే దానిని తోట గడప దాటనిచ్చేవారు కారు. ఒక పాల ప్యాకెట్టు చాలు నారుకు. చిరిగిన బియ్యపు సంచి చాలు వంగ మొక్కకు. కప్పుమీద బరువు ఎక్కువ పెట్టవద్దు, నీరు నిలవనీయవద్దు. ఈ రెండు జాగ్రత్తలు చాలు.

చివరిగా ఒక పని, ఒక విన్నపం.

ఆ బీర గింజలు తెచ్చాను. పాత క్యాలెండరు కాగితాలతో పొట్లాలు కట్టి, మా మనుమలు ఒక్కొక్కదానిమీద తెలుగులోను తమిళంలోను పేరు వ్రాశారు; వ్రాత కొంచెం వంకరగా ఉంటే మన్నించండి. పొట్లానికి అయిదు గింజలు. కార్యాలయం బల్లమీద ఉంచాను. ఆడి నెలలో నాటండి. (మన ఆషాఢం వేరు, ఇక్కడి ఆడి వేరు; విత్తనానికి ఆడియే లెక్క.) ఒకరాత్రి నానవేసి, వ్రేలి కణుపంత లోతున పెట్టండి. మొదట కాచిన రెండు కాయలు మాత్రం కోయవద్దు.

విన్నపం ఇది. మా అమ్మ దగ్గర ఒక చిక్కుడు కూడా ఉండేది. కాయ వెడల్పు, లేత ఆకుపచ్చ, రెండు అంచులా ఊదారంగు గీత, గింజ నల్లగా ఉండి ప్రక్కన తెల్లని చార. అది కూడా ఆ మిద్దె కట్టిన సంవత్సరంలోనే పోయింది. ఆమె ఎవరెవరికి ఇచ్చినదో నాకు తెలియదు. బహుశా ఈ సభలోని వారి అమ్మలకో, అవ్వలకో ఇచ్చి ఉంటుంది. ఎవరి దొడ్డిలోనైనా అటువంటిది ఉంటే నాకు కబురు చేయండి. నేనే వచ్చి తీసుకొంటాను. బదులుగా దొండకొమ్మ తెస్తాను.